రియాక్ట్‌ని వద్దనుకున్న ఎనిమిది రోజులు

"అన్నా, రియాక్ట్ నేర్చుకోవాలా, వ్యూ నేర్చుకోవాలా?" మీలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి మామూలుగా స్పీడ్ ఎంత, ఉద్యోగాలు ఎన్ని అని లెక్కలు చెప్తారు. నేను మాత్రం ఒక గొడవ గురించి చెప్తా. అందులో స్పీడూ లేదు, సింటాక్సూ లేదు. అంతా ఒక లైసెన్స్ మీదే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ తెచ్చాడు. అప్పట్లో ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కో పద్ధతి. ఆ తలనొప్పంతా జేక్వెరీ తన మీద వేసుకుంది, అందుకే అంతలా పాకిపోయింది. 2010లో గూగుల్ నుంచి యాంగ్యులర్‌జేఎస్, 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్, 2014లో ఇవాన్ యూ చేసిన వ్యూ వచ్చాయి. అదే 2014లో గూగుల్ టీమ్ ఒక బాంబు పేల్చింది. యాంగ్యులర్ 2 పాతదానికి కొనసాగింపు కాదు, మొత్తం కొత్తగా రాస్తున్నాం అంది. పాత కోడ్ ఉన్నవాళ్ల గుండెల్లో రాయి పడింది.

ఇక అసలు కథ. రియాక్ట్ ఫ్రీయే. కానీ దాని లైసెన్స్ పక్కనే పేటెంట్ల గురించి ఇంకో షరతు ఉండేది. సింపుల్‌గా చెప్పాలంటే, "మా పేటెంట్లు వాడుకోండి. పేటెంట్ గొడవలో మా మీద కేసు వేస్తే మాత్రం ఆ అనుమతి రద్దు" అని. అంటే మీ పేటెంట్‌ని ఫేస్‌బుక్ వాడేసుకుందని మీకు అనిపించినా, కోర్టుకెళ్లే ముందు మీ సైట్లో ఉన్న రియాక్ట్ సంగతి ఆలోచించుకోవాలన్నమాట.

2017 జూలైలో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఈ లైసెన్స్ ఉన్న కోడ్ వద్దంది. ఆగస్టులో ఫేస్‌బుక్ తన షరతునే సమర్థించుకుంది. సెప్టెంబర్ 14న వర్డ్‌ప్రెస్ సహవ్యవస్థాపకుడు మ్యాట్ ములెన్‌వెగ్ రియాక్ట్‌ని వదిలేస్తున్నామని ప్రకటించాడు. అప్పటికే ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నాలుగో వంతుకు పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. వాళ్ల కొత్త ఎడిటర్ గూటెన్‌బర్గ్‌ని రాస్తున్నది రియాక్ట్‌లోనే. ఆలస్యమైనా సరే, తిరగరాయడానికి సిద్ధపడ్డారు. రియాక్ట్ బాగోలేదని కాదు. వర్డ్‌ప్రెస్‌ని నమ్ముకున్న వాళ్లందరి నెత్తిన ఆ షరతు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు.

ఎనిమిది రోజులు తిరిగేసరికి, సెప్టెంబర్ 22న ఫేస్‌బుక్ దిగొచ్చింది. ఆ షరతు లేని ఎమ్ఐటీ లైసెన్స్‌కి మారతామంది. 26న రియాక్ట్ 16 దాంతోనే విడుదలైంది. వర్డ్‌ప్రెస్ చివరికి రియాక్ట్‌తోనే ఉండిపోయింది. 2018 డిసెంబర్‌లో గూటెన్‌బర్గ్ వర్డ్‌ప్రెస్ 5.0లో వచ్చింది.

దీన్నుంచి నాకు అర్థమైంది ఒకటే. లైబ్రరీ ఎంచుకోవడమంటే అద్దె ఇల్లు చూసుకోవడం లాంటిది. గదులు బాగుంటే చాలదు, ఓనర్ ఎవరు, అగ్రిమెంట్లో ఏముంది, ఖాళీ చేయాల్సొస్తే ఎంత కష్టం అన్నీ చూడాలి. అమీర్‌పేటలో కోర్సుకి ఫీజు కట్టే ముందు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. ముందు జావాస్క్రిప్ట్ గట్టిగా పట్టండి. అది వస్తే ఏ ఇంటికి మారినా సామాను మీదే.