అల్వాల్ బాటన స్టీరింగు విద్య

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజమార్గమున తిరుమలగిరి, లోతుకుంట దాటి అల్వాల్ చేరునంతలో బాట కిరువైపుల కానవచ్చు మోటారు షెడ్లను చూచి, ఇవి నగరము పెరుగుటతో నిన్న మొన్న వెలసినవే యని తలచువారు గలరు గాని, ఈ వృత్తికి వేళ్లు దండులో నున్నవని నా నమ్మకము. 1806లో సికందర్‌జా పేర వెలసిన సికింద్రాబాదు దండునకును, ఉత్తరమున బొల్లారము దండునకును నడుమ చిక్కిన గ్రామము అల్వాల్. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగా, 1943 అక్టోబరులో, సైన్యపు యంత్రముల మరమ్మతుకై ఈ.ఎం.ఈ. యను ప్రత్యేక విభాగ మేర్పడెను. దాని శిక్షణకేంద్రమును, కళాశాలయు నేటికిని తిరుమలగిరి ప్రాంతముననే యున్నవి. కొలువు విరమించిన సైనికులు పెక్కురు అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి పరిసరములందే కాపురము లేర్పరచుకొనగా, వారివెంట మరమ్మతు విద్యయు ఈ బాటకు చేరినదని తలచుచున్నాను.

నిజాము రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా ప్రారంభించినది 1932లో. ఆనాడు సామాన్యునికి మోటారు దూరపు వస్తువు. యుద్ధము ముగిసి సైన్యపు జీపులు డిస్పోజల్ వేలములకు వచ్చుటయు, 1947లో మహీంద్రా వారు బొంబాయిలో జీపుల కూర్పు మొదలిడుటయు జరిగిన పిదపనే, పాత బండిని బాగుచేసి మరల నడుపుకొను అలవాటు మన యూళ్లలో స్థిరపడినది.

ఆ జీపు స్టీరింగు నిర్మాణము గమనింపదగినది. చక్రము త్రిప్పగా కడ్డీ తిరిగి, స్టీరింగు బాక్సులోని మరమీద పిన్నులు జరిగి, డ్రాప్ ఆర్మ్ కదలి, డ్రాగ్ లింకు బెల్ క్రాంకును లాగి, దానినుండి టై రాడ్లు ముందుచక్రములను మరల్చును. ఇన్ని కీళ్లలో ఒక్కొక్కటి వెండ్రుకవాసి అరిగినను, ఆ అరుగుదల లన్నియు కూడి డ్రైవరు చేతిలో జానెడు వదులై తేలును. కావున నేర్పరియైన మేస్త్రీ మొదట పానా పట్టడు. కుఱ్ఱవానిని సీటులో కూర్చుండబెట్టి చక్రమును కొంచెము కొంచెముగా కుడి యెడమలకు కదపించుచు, తాను బండిక్రింద పరుండి కీలుకీలునకు చేయి పెట్టి చూచును. ఒక కొన కదలి రెండవ కొన కదలనిచోట అరుగుదల దొరకినట్లే. పిమ్మట ముందుచక్రమును జాకీపై లేపి, పైని క్రిందను పట్టి ఊపును. ఊగినచో కుఱ్ఱవానిని బ్రేకు త్రొక్కుమనును. ఊగుట ఆగినచో దోషము చక్రపు బేరింగులది, ఆగనిచో చక్రము మరలుటకు ఇరుసైన కింగ్‌పిన్నుది.

తొందరపడు మేస్త్రీ మాత్రము బాక్సుపైనున్న సర్దుబాటు మరను బిగించి పంపును. ఇది పైకి సులభోపాయమే గాని ప్రమాదకరము. ఏలయన బండి తన యాయువులో అధికభాగము తిన్నగా పోవునది గావున, బాక్సులోని మర నట్టనడుమనే ఎక్కువగా అరుగును. ఆ నడిమి వదులు పోవునట్లు బిగించినచో, అరుగని కొసలయొద్ద చక్రము పట్టివేసి, మలుపు తిరిగిన బండి మరల తిన్నబడుటకు మొరాయించును.

2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరుకు ఈ బాక్సు లేదు. ర్యాకు, పినియన్ల పద్ధతి దానిది. అందు వదులుతనము తరచుగా కొసల బాల్ జాయింట్లలోను, గ్రీజు కరవైన ముందుచక్రపు కీళ్లలోను చేరును. పవర్ స్టీరింగు బండ్లు వచ్చిన పిమ్మట ర్యాకునే మొత్తముగా తీసి క్రొత్తది వేయుట రివాజైనది. చేతితో తడిమి దోషము పట్టు ఆ పాతవిద్యకు గిరాకి తగ్గినది.

చట్టమునకు కూడ ఈ విషయమున ఒక కొలత గలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 98వది, స్టీరింగు చక్రమున వృథాచలనము 30 డిగ్రీలను మించరాదనియు, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగు లుండవలెననియు శాసించుచున్నది. 30 డిగ్రీలనగా గడియారపు చిన్నముల్లు ఒక గంటలో జరుగు దూరము. పాత బండికి ఇది ఉదారమైన కొలతయే. అంతకు మించి తిరుగు బండి గలవారు, మేస్త్రీ బాక్సు మరపై చేయి వేయకమునుపు, క్రింద దూరి కీళ్లన్నియు చూచెనా యని అడిగి తెలిసికొనవలెను.