సున్నా ఎక్కడ పెట్టారు?

పడవ వంతెన కిందికి దూరుతుంటే ఆమె తల వంచుకుంది. పైన బోలెడంత ఖాళీ ఉంది.

"నీళ్లు పెరిగితే ఈ పడవ ఎట్లా పోతదిరా?"

"పెరగవమ్మా" అన్నాడు కొడుకు.

ఆమె నమ్మలేదు. నీళ్లు పెరగని ఊరు ఆమె ఎరగదు.

2019 మే నెల, ఆమ్‌స్టర్‌డామ్. ఆ దంపతులది బూర్గంపాడు. మిర్చి, పత్తి వేసుకునే కుటుంబం. కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్లు వద్దన్నందుకు పేర్లు రాయడం లేదు.

బూర్గంపాడుకు ఒక పక్క గోదావరి, మరో పక్క కిన్నెరసాని. మామూలు రోజుల్లో కిన్నెరసాని బుద్ధిగా వెళ్లి గోదావరిలో కలుస్తుంది. గోదావరికి పోటు వచ్చిందా, దాని నీళ్లకు దారి ఉండదు, వెనక్కి తిరుగుతాయి. ఆ ఎగపోటు ముందు చేలను ముంచుతుంది, తర్వాత రోడ్డును, ఆపైన ఇళ్లను. వానాకాలంలో అక్కడివాళ్ల నోట ఎప్పుడూ మూడు అంకెలు ఆడుతుంటాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులకు చేరింది. అప్పటికి వీళ్లకు పెళ్లయి మూడు నెలలు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆయన ముందు నడిచాడు. దూడను చంకనేసుకుని ఆమె వెనక నడిచింది. తిరిగొచ్చేసరికి మట్టిగోడలు కూలిపోయి ఉన్నాయి.

అలాంటి ఇద్దరూ, గడపకు నాలుగడుగుల దూరంలో నీళ్లున్న ఇళ్ల మధ్య పడవలో తిరుగుతున్నారు. పదిహేడో శతాబ్దంలో తవ్విన ఆ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్ల నెత్తిన దూలాలు, వాటికి కొక్కేలు. సరుకుల మూటలను తాళ్లతో పైఅంతస్తులకు లాగేవారట. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కొన్నేళ్లకే మన మచిలీపట్నం చేరింది. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు ఆ కంపెనీ ఓడల మీదే ఈ ఊరికి వచ్చాయి. కొడుకు ఈ సంగతి చెబితే ఆయన మెడ ఎత్తి ఆ కొక్కేలను చాలాసేపు చూశాడు.

డామ్ కూడలిలో రాజభవనం చూశారు. మెత్తటి బురదనేలలో దిగేసిన 13,659 కొయ్య దుంగల మీద నిలబడిందది. "కొయ్య పుచ్చిపోదా?" అన్నాడాయన. గాలి తగలకుండా ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటే పుచ్చదు. నీటిమట్టం పడిపోతేనే ముప్పు. నీళ్లు తగ్గితే భయపడే ఊరు కూడా ఉందన్నమాట!

ఆ రోజు వాళ్ల మనసులో నిలిచిపోయింది రాజభవనం కాదు. నగరపాలక కార్యాలయం, సంగీత నాటకశాల ఒకే కప్పు కింద ఉండే స్టొపెరా అనే భవనంలో మూడు గాజు స్తంభాలున్నాయి. రెండింటిలో నీళ్లు, రెండు రేవుల దగ్గర సముద్రం ఆ క్షణాన ఎంత ఎత్తున ఉందో చూపిస్తాయి. మూడో స్తంభంలో నీళ్లు మనిషి తలను దాటి ఎక్కడో పైన ఆగి ఉన్నాయి. దాన్ని చూడగానే ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఇదేందిరా?"

"1953 వరదమ్మా."

ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉత్తర సముద్రం కట్టలు తెంచుకుంది. నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. జీలండ్ తీరంలో నీళ్లు లేచిన ఎత్తు 4.55 మీటర్లు, అంటే దాదాపు పదిహేను అడుగులు. ఆ ఎత్తునే గాజులో నిలబెట్టారు. ఆ చావుల తర్వాతే దశాబ్దాల పాటు ఆనకట్టలు, తలుపులు కట్టుకుంటూ పోయారు.

ఆయన మాత్రం కింద ఉన్న కంచు బుడిపె దగ్గర వంగాడు. దేశంలోని ఎత్తులన్నిటికీ అదే సున్నా. 1680లలో హుడ్డె అనే గణితవేత్త ఈ నగరానికి మేయరు. ఆయన తూముల గోడల్లో పాలరాతి గుర్తులు పెట్టించాడు. ఈ లెక్క అక్కడి నుంచి వచ్చిందే. ఊరి కాలువల్లో నీటిని ఈ సున్నాకు 40 సెంటీమీటర్ల దిగువన నిలబెడతారు. నీళ్లు పెరగవని కొడుకు పడవలో చెప్పింది ఇందుకే.

మధ్యాహ్నం మ్యూజియం చూడాల్సింది. ఆయన వద్దని, నీళ్లు ఆపే తలుపులు చూపించమన్నాడు. ఆమ్‌స్టెల్ నది మీది లాకుల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. తలుపులు చూస్తే మన డెల్టా కాలువల లాకులే. ఆయనకు అవి కొత్త కాదు. వాటి వెనకున్న ఏర్పాటు కొత్త. నీళ్ల బాగోగులకు అక్కడ వేరే బోర్డులున్నాయి. కొన్ని మధ్యయుగాల నాటివి. జనం వాటికి విడిగా ఓటేస్తారు, విడిగా పన్ను కడతారు.

"నువ్వూ కడతన్నవా?"

"కడతన్న నాన్నా."

"కట్టు. వాళ్లను అడిగే హక్కుంటది."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. భద్రాచలానికి కరకట్ట ఉంది. ఇవతలి ఒడ్డున బూర్గంపాడువాళ్లు హెచ్చరికల అంకెలు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నారు. దిగువన పోలవరం జలాశయం నిండితే ఎగపోటు ఎందాకా వస్తుందోనన్న దిగులు దానికి తోడు. ఆ దిగులు న్యాయమైనదని నేను నమ్ముతాను. బూర్గంపాడు వీధుల్లో ఏ గోడ దగ్గర ఎంత నీరొచ్చిందో తెలిసింది ముసలివాళ్లకే. వాళ్లు పోతే ఆ లెక్కా పోతుంది.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. దంపతులు పునరావాస కేంద్రం నుంచి తిరిగొచ్చాక, ఒండ్రు ఎత్తిపోయకముందే ఆయన ఎర్ర రంగు తెచ్చి గోడ మీద నీటి మరక వెంట గీత గీశాడు. పక్కన తేదీ రాశాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "ఇంట్లో మోకాలు లోతు బురదుంటే నీకు రంగులా? గీత గీస్తే నీళ్లు ఆగుతయ్యా?"

"ఆగవు" అన్నాడాయన. "కట్ట ఎంత ఎత్తు కావాలని రేపు ఎవరన్నా అడిగితే చూపించొద్దా?"

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత వసారా స్తంభం దగ్గరికి నడిచి, తన భుజం కంటే పైన ఒకచోట చెయ్యి ఆనించింది.

"ఎనభయ్యారులో ఇక్కడిదాకా వచ్చినయి. అది కూడా గియ్యి."