నవమాసముల లెక్క

"ఎన్నో నెల?" గర్భిణి కనబడగానే పెద్దవారు అడిగే మొదటి ప్రశ్న ఇది. బొమ్మలకు పేరుపొందిన కొండపల్లిలోనైనా, కృష్ణకు ఆవలి గట్టునున్న ఏ పల్లెలోనైనా దీనికి జవాబు వెంటనే వస్తుంది. అయితే ఆ జవాబు ఏ రోజు మొదలుకొని, ఏ నెలలను బట్టి లెక్కించినదో ఎవరూ అడగరు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆంధ్రదేశములో పంచాంగపు నెల అనగా అమావాస్య మరునాటి పాడ్యమి నుండి మరల అమావాస్య వరకు. దాని సగటు పరిమాణము 29.53 రోజులు. ఇట్టి నెలలు తొమ్మిది కలిపి చూస్తే సుమారు 266 రోజులవుతాయి. అండము ఫలదీకరణము చెందిన నాటి నుండి ప్రసవము వరకు పట్టే సగటు కాలము కూడా 266 రోజులే. కనుక "నవమాసాలు మోసిన తల్లి" అనే మాట కేవలము అలంకారము కాదు. దాని వెనుక చక్కని లెక్క ఉన్నది.

కాని ఫలదీకరణము జరిగిన రోజు ఎవరికి తెలుస్తుంది? తెలిసేదల్లా నెల తప్పడమే. అందుచేత వైద్యులు చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుండి లెక్కిస్తారు. అది ఫలదీకరణమునకు సుమారు 14 రోజులు ముందుంటుంది. 266కు 14 కలిపితే 280 రోజులు, అనగా 40 వారములు. మన నెలలలో తొమ్మిదిన్నర. ఐరోపా గ్రంథములలో కనబడే "పది చాంద్రమాసములు" 28 రోజుల నెలలు. అవి మన నెలలు కావు. వైద్యుడు "12 వారాలు" అన్నప్పుడు అందులో మొదటి రెండు వారములు బిడ్డ అసలు లేని రోజులన్నమాట! విద్యార్థులకు ఇది వింతగా తోచినా, లెక్క మొదలుపెట్టడానికి అంతకంటె స్పష్టమైన గుర్తు దొరకలేదు.

ప్రాచీనులు ఈ విషయములో కొంత వెసులుబాటు ఉంచుకున్నారు. తొమ్మిదవ నెల ప్రవేశించినది మొదలు పదవ నెల వరకు ప్రసవకాలమని చరకసంహిత చెప్పుచున్నది. సుశ్రుతసంహిత పన్నెండవ నెల వరకు అంగీకరించినది. పన్నెండు నెలల గర్భము ప్రకృతిలో అరుదు. లెక్కలో దొర్లే తప్పులను దృష్టిలో ఉంచుకొనియే ఆ గడువు అంత దూరము పోయినదేమో.

ఆ తప్పులలో ముఖ్యమైనది అధికమాసము. చాంద్రమాన సంవత్సరము సౌరసంవత్సరము కంటె సుమారు 11 రోజులు చిన్నది. ఆ లోటు తీర్చుటకు సుమారు 32, 33 నెలలకొకసారి ఒక నెల అదనముగా వస్తుంది. దానికి వేరే పేరు లేదు. తరువాతి నెల పేరే దానికి కూడా. గర్భకాలము తొమ్మిదిన్నర నెలలు గనుక, మూడు నాలుగు గర్భములలో ఒకదాని నడుమ అధికమాసము పడుతుంది.

2023వ సంవత్సరమునే చూడవచ్చును. ఆ యేడు ఉగాది మార్చి 22న వచ్చినది. కొండపల్లిలో ఒక స్త్రీకి ఆనాడే చివరి బహిష్టు అయినదనుకుంటే, 280 రోజులు డిసెంబరు 27తో నిండుతాయి. అది మార్గశిర పౌర్ణమి మరునాడు. చైత్రము, వైశాఖము, జ్యేష్ఠము అంటూ పేర్లను బట్టి వ్రేళ్ళు మడిచి లెక్కించిన అత్తగారికి అప్పటికి ఎనిమిదిన్నర నెలలే తేలుతాయి! జూలై 18 మొదలు ఆగస్టు 16 వరకు నడచిన అధిక శ్రావణము ఆమె వ్రేళ్ళ మధ్యనుండి జారిపోయినది. పండుగలు నిజమాసములోనే జరుగుతాయి కనుక పండుగల గుర్తుతో లెక్కించినా ఇదే పొరపాటు. ఉగాదికి, వరలక్ష్మీవ్రతమునకు నడుమ మామూలుగా నాలుగు నెలల పైచిలుకు. 2023లో అయిదు నెలల పైచిలుకు. కొండపల్లిలోని ముస్లిం కుటుంబములు పాటించే హిజ్రీ నెలలకు అధికమాసము లేదు గనుక వారికి ఈ బెడద లేదు.

మంత్రసానులు పంచాంగముపైనే ఆధారపడలేదు. బిడ్డ కదలిక మొదట తెలియడము తొలిచూలులో సుమారు 18 నుండి 20 వారములకు, తరువాతి కాన్పులలో ఇంకా ముందు. గర్భాశయము పైఅంచు 20 వారములకు బొడ్డు దగ్గరకు, 36 వారములకు రొమ్ముటెముక క్రిందికి చేరుతుంది. చేతితో తడిమి ఈ ఎత్తు గ్రహించడము అనుభవము వల్ల వచ్చే విద్య. కవలలున్నప్పుడు, ఉమ్మనీరు ఎక్కువైనప్పుడు మాత్రము అది మోసగిస్తుంది.

ఐరోపాలో ఈ లెక్కను సూత్రముగా ప్రచారము చేసినవాడు జర్మనీలోని హైడెల్‌బర్గు ఆచార్యుడు ఫ్రాంజ్ నేగెలె (1778–1851). చివరి బహిష్టు తేదీ నుండి మూడు నెలలు వెనుకకు పోయి, ఏడు రోజులు కలపాలి. మార్చి 22కు డిసెంబరు 29 వస్తుంది. ఇంగ్లీషు నెలలు సమానముగా లేనందువల్ల రెండు రోజులు తేడా. ఈ భావము తనకంటె ముందటి డచ్చి వైద్యుడు బోయర్‌హావేదని నేగెలెయే చెప్పాడు. అయితే ఏడు రోజులు బహిష్టు మొదటి రోజుకు కలపాలా, చివరి రోజుకా అన్నది స్పష్టపరచలేదు; ఆ సందిగ్ధము చాలాకాలము నిలిచినది. అండము ఎప్పుడు విడుదలవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజులు ముందు అని 1920లలో జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ వేరువేరుగా తేల్చారు. బహిష్టు 28 రోజులకు గాక 35 రోజులకు వచ్చే స్త్రీకి నేగెలె సూత్రము ఒక వారము ముందు తేదీ ఎందుకు చెప్పుతుందో అప్పుడుగాని అర్థము కాలేదు.

1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డు, తన సహచరులతో కలిసి, లోహములలో పగుళ్ళు వెదకే అతిధ్వని పరికరమును గర్భిణుల పరీక్షకు వినియోగించి ఫలితములు ప్రకటించాడు. 1973లో అక్కడే హ్యూ రాబిన్సన్ తలనుండి పిరుదుల వరకు పిండము పొడవు కొలిచి వయస్సు చెప్పే పద్ధతి ఏర్పరచాడు. మొదటి మూడు నెలలలో పిండములన్నీ ఇంచుమించు ఒకే వేగముతో పెరుగుతాయి. అందుచేత తేడా అయిదారు రోజులకు మించదు. చివరి నెలలలో ఒక బిడ్డ లావు, ఒక బిడ్డ సన్నము. అప్పటి కొలత మూడు వారములు అటూ ఇటూ కావచ్చును. తొలి స్కానులో నిర్ణయమైన తేదీని తరువాతి స్కానులను చూచి మార్చరాదనడము ఇందుకే.

ఒక నెల తేడా వస్తే ఏమి? 34 వారములకు లోపల కాన్పు తప్పదనుకున్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పక్వమగుటకు తల్లికి స్టిరాయిడు సూది ఇస్తారు. న్యూజిలాండులో లిగిన్స్, హౌయీ 1972లో దీని ఫలితమును చూపారు. 36 వారముల గర్భమును 32గా భావిస్తే అనవసరముగా సూది పడుతుంది. 32ను 36 అనుకుంటే అవసరమైన సూది పడదు. 41 వారములు దాటిన తల్లిని "ఇంకా నెల ఉన్నది" అని ఇంటికి పంపడము మరీ ప్రమాదము. గర్భవిచ్ఛిత్తి చట్టము కూడా వారములను బట్టియే నడుస్తుంది: 1971 చట్టములో 20 వారముల గడువును 2021 సవరణ కొందరి విషయములో 24కు పెంచినది.

ఇంతా చేసి, చెప్పిన తేదీననే పుట్టే శిశువులు నూటికి అయిదుగురైనా ఉండరు. ఊరిలో ఆశా కార్యకర్త మాత్రము కార్డు తెరచి మొదట తేదీయే అడుగుతుంది. తేదీ గుర్తులేదని గర్భిణి అంటే, "ఏ పండుగకు ముందమ్మా?" అంటుంది. ఆ యేడు అధికమాసము ఉన్నదా అని క్యాలెండరు తిరగవేసి చూచుకొనవలసినది అప్పుడే.