బందెల దొడ్డి: ఎవరి గొడ్డు, ఎవరి చేను?



పోయిన భాగంలో వెట్టి గురించి రాసిన. అది చదివి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పెద్దోళ్ల గొడ్లు మన చేన్ల వడితే ఏం చేయాలె? అది కూడా రాయి." చిన్న ప్రశ్న అనిపిస్తది. కానీ ఊర్లో కులం ఎట్ల నడుస్తదో చూడాలంటే గొడ్డు వెంబడి పోతే చాలు.

మాది ఖానాపూర్ దగ్గరి ఊరు. ఒక దిక్కు గోదారి, సదర్‌మాట్ కాలువ కింది పొలాలు. ఇంకో దిక్కు కవ్వాల అడవి. నేను ఆరో తరగతి చదివేటప్పుడు మా మేక తాడు తెంపుకొని ఒక పెద్ద రైతు మక్క చేన్ల వడ్డది. పొద్దుగూకే వరకు అది బందెల దొడ్డిలో ఉన్నది. బంజరు దొడ్డి అని కూడా అంటరు. తెల్లారి బాపు కూలి విడిచిపెట్టి, బదులు తెచ్చి, బందె కట్టి మేకను తోలుకొచ్చిండు. "మేకను కట్టేసుకునుడు తెల్వదారా?" అన్న మాట కూడా పడి వచ్చిండు.

అదే ఏడు అదే రైతు బర్రెలు మా ఎకరంన్నర అసైన్డ్ భూమిలో జొన్న మేసినయి. బాపు వాటిని దొడ్డికి తోలలేదు. ఆయన ఇంటి దాకా కొట్టుకపోయి, వాకిలి బయట నిలబడి, "పటేలా, బర్రెలు మా చేన్ల వడ్డయి" అన్నడు. "నోరులేని గొడ్డు, దానికేం ఎర్కరా" అని జవాబు వచ్చింది. మేక తప్పు చేస్తే యజమాని తప్పు. బర్రె తప్పు చేస్తే ఎవ్వరి తప్పూ కాదు. ఈ రెండు మాటల నడుమ ఉన్నదే నేను చెప్పబోయే చరిత్ర.

ముందుగాల, గొడ్డు ఎప్పటి నుంచి నేరస్తురాలైంది? పంట కోసినంక ఊరి గొడ్లన్నీ చేన్లల్ల కొయ్యకాళ్లు మేసేవి. పేడ ఆ చేనుకే దక్కేది. కాలువ నీళ్లొచ్చి యాసంగి పంట పడ్డ చోట ఆ మేత పోయింది. అడవి రిజర్వు అయినంక అక్కడి మేత కూడా పోయింది. ఆదిలాబాద్ గోండులకు మేత పన్ను ఎంత భారమైందో కుమ్రం భీం పోరాటమే చెప్తది. 1940లో జోడేఘాట్‌లో ఆయనను కాల్చి చంపిన తర్వాతనే నిజాం సర్కారు కారణాలు తెలుసుకొమ్మని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. అంతకు చాలా ముందే, 1880లలో, అటవీ శాఖ రైతుల మేత భూములను మింగేస్తున్నదని మహాత్మా ఫూలే రాసిండు. భూమి లేనోనికి ఉన్న ఆస్తి రెండు మేకలే. మేపే జాగ పోయినంక అవి ఎక్కడ అడుగు పెట్టినా ఎవరిదో ఒకరి చేనే.

ఇప్పుడు చట్టం చూద్దాం. బ్రిటిష్ ఇండియాలో 1871లో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. నిజాం రాజ్యం వేరు కాబట్టి అది ఇక్కడ నేరుగా నడవలేదు. అయినా దాన్ని చదవాలె, ఎందుకంటే ఆ కాలపు పాలకుల బుద్ధి అందులో ఉన్నది. చేన్ల వడ్డ గొడ్డును పట్టి 24 గంటల్లో దొడ్డికి పంపాలె. బర్రెకు 8 అణాలు, ఆవుకు, ఎద్దుకు 4, పందికి 2, మేకకు 1 అణా జుర్మానా. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసులకు చెప్పి, చాటింపు వేసి వేలం. పట్టిన గొడ్డును బలవంతంగా విడిపించుకపోతే 6 నెలల దాకా జైలు. అన్యాయంగా పట్టిండ్రని 10 రోజుల్లో మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. కానీ చదువు రాని కూలి మనిషి ఆ 10 రోజుల్లో కచేరి మెట్లు ఎక్కేదెట్ల?

ఇదే చట్టంలో 26వ సెక్షన్ ఉన్నది. మేపేటోని అజాగ్రత్త వల్ల పంది చేను పాడు చేస్తే, మేజిస్ట్రేట్ ముందు నేరం రుజువు చేసి 10 రూపాయల దాకా జుర్మానా వేయొచ్చు. మూల చట్టంలో ఈ సెక్షన్ పందులు మేపేటోళ్లకే. ప్రభుత్వం అనుకుంటే మిగతా పశువులకు కూడా వర్తింపజేయొచ్చని తోక తగిలించిండ్రు. పందులు మేపేది ఎవరు? ఎరుకల వంటి అణగారిన కులాలు. బర్రె దొరికితే బర్రెకు జుర్మానా, పంది దొరికితే మనిషే ముద్దాయి. చట్టంలో కులం పేరు రాయలేదు, రాయాల్సిన పని పడలేదు.

మరి పెద్దోని బర్రె మన జాగలోకి వస్తే ఏమైంది? కారంచేడు చూడుండ్రి. 1985 జులై 16న మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు బర్రెను కడిగిండు. ఆ మురికి తాగే నీళ్లల్ల పడుతున్నదని ఒక దళిత పిల్లగాడు అడ్డం చెప్తే కొట్టిండ్రు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. తెల్లారి, జులై 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపిండ్రు. ఆ గొడవ బర్రె గురించి కాదు. "ఇది మా నీళ్లు" అని మాదిగ మనిషి అన్నందుకే. మహాడ్‌లో గొడ్లు తాగే చవదార్ చెరువు నీళ్లను మనుషులుగా మనం కూడా తాగాలని 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలి పట్టిండు. 58 ఏళ్ల తర్వాత కారంచేడులో మనం తాగే నీళ్లనే గొడ్డు నుంచి కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కూడా ఆ పోరాటాల బలం ఉన్నది.

ఇక తమ్ముని ప్రశ్నకు జవాబు.

గొడ్డును కొట్టొద్దు, మందు పెట్టొద్దు, చేను చుట్టు కరెంటు తీగ కట్టొద్దు. జంతువును చంపినా, అవిటిది చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ల దాకా శిక్ష. ఆ తీగకు రేపు మన పిల్లనే తగులొచ్చు. గొడ్లు చేన్ల ఉండంగనే ఫోటో, వీడియో తీయుండ్రి. పక్క చేను రైతును సాక్ష్యం పెట్టుకోండ్రి. పంచాయతీ కార్యదర్శికి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండ్రి. దొడ్డి నడుపుడు పంచాయతీ పని. మీ ఊర్లో దొడ్డి జాగ ఇప్పుడు ఎవరి కబ్జాలో ఉన్నదో గ్రామసభలో అడుగుండ్రి. ఎస్సీ, ఎస్టీ కానోళ్లు కావాలని మన పంటను మేపితే, పంట నాశనం చేసుడు 2015 సవరణ తర్వాత అత్యాచారాల చట్టం కింద నేరమని ఫిర్యాదులో రాయుండ్రి. మన గొడ్డే తప్పు చేస్తే బందె కట్టి రసీదు అడుగుండ్రి. మన గొడ్డుకు ఒక న్యాయం కోరితే పక్కోని గొడ్డుకు కూడా అదే న్యాయం ఉండాలె.

బాపు ఇప్పుడు లేడు. ఆ దినం ఆయన బర్రెలను దొడ్డికి ఎందుకు తోలలేదని చాలా ఏండ్లు కోపంగా ఉన్న. తోలితే మరునాటి కూలి ఎవరిచ్చేది? ఇది అర్థమయ్యేదాక నేను చరిత్ర చదువలేదనే చెప్పాలె. మీ ఇండ్లల్ల పెద్దమనుషులను దొడ్డి ముచ్చట అడుగుండ్రి, రాసిపెట్టుండ్రి. వచ్చే భాగంలో ఊరి చెరువు, నీరటికాడు.

జై భీమ్.