మైసూరు కొలువున సాక్సఫోను

మా అమరాపురము తెలుగుసీమకు పడమటి అంచున నున్నది. పొలిమేర దాటిన కన్నడదేశమే. దసరా యన్నంతనే మా పెద్దలకు మైసూరే స్ఫురించును. కావున నేడు చెప్పబోవు వాద్యవృత్తాంతమున మైసూరు పేరు పలుమారు వచ్చినచో తప్పెంచకుడు.

కొన్ని నెలల క్రిందట నా మనుమడు నన్ను బెంగుళూరున నొక పాశ్చాత్య వాద్యగోష్ఠికి తోడ్కొనిపోయెను. వేదికపై ఏబదిమంది వాద్యకారులు అర్ధచంద్రాకారముగ కూర్చుండిరి. అందరి యెదుటను స్వరములు వ్రాసిన కాగితములు. నడుమ నిలిచిన నాయకుని చేత సన్నని పుల్ల. ఒక గంటసేపు వారు వాయించిన పిమ్మట, అతిథులుగ ‘స్వింగు’ మేళమువారు సాక్సఫోనులతోను, ట్రంపెట్లతోను వచ్చి ముందువరుసను నిలిచిరి. అంతవరకు కదలక కూర్చున్న సభ ఊగజొచ్చెను. నా చేయియు తొడపై ఆడుచుండెను కాబోలు, “తాతా, నువ్వూ తాళమేస్తుండావే!” యని మనుమడు నవ్వెను.

స్వింగు అనగా అమెరికాయందలి నల్లజాతి వాద్యకారులు పెంచిన జాజు సంగీతములో నొక ఫణితి. 1938 జనవరి 16వ తేదీన బెన్నీ గుడ్‌మన్ మేళము న్యూయార్కులోని కార్నెగీ హాలున వాయించుటతో దానికి పెద్ద సభలలో మర్యాద కలిగెను. అంతకు మునుపే, 1935లో, లియోన్ ఆబీ యను నల్లజాతి విద్వాంసుడు తన మేళముతో బొంబాయి తాజ్‌మహలు హోటలునకు వచ్చి వాయించెను. దాని కీలకము నడకలో నున్నది. ఒక దెబ్బను రెండు సమభాగములుగ విరువక, మొదటిదానిని సాగదీసి రెండవదానిని కుదింతురు. మన తిశ్రగతిలో ‘తకిట’ యను మూడు మాత్రలలో మొదటి రెండింటిని ఒకటిగ పట్టి, మూడవదానిని విడిగ పలికించినచో దాదాపు ఆ నడకయే వచ్చును. ఉరుముల మ్రోతయు, చెక్కభజనయు విని పెరిగిన మా సీమ చెవులకు ఇది అంత పరాయిది కాదు.

పరదేశవాద్యము మన సభకు అతిథిగ వచ్చుట క్రొత్తయు కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణపు చేరువ మనలిలో నున్న కాలమున, కోటలోని ఇంగ్లీషు బ్యాండు మెట్లను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చిరి. అవియే నోట్టుస్వరములు, సుమారు 40 కలవు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలీను నేర్చి మన సంగీతమున ప్రవేశపెట్టెను. నేడు వయొలీను లేని కచేరి యెచట?

ఇక మైసూరు మాట. నాల్వడి కృష్ణరాజ ఒడయరుల కొలువున రెండు విధముల వాద్యబృందములును ఉండెను. పాశ్చాత్య బృందమునకు ఆటో ష్మిట్ అను జర్మను నాయకుడు. మన వాద్యములతో బృందగానమునకు స్వరరచనలు చేసినవారు వీణ వెంకటగిరియప్పగారు. 1940లో రాజ్యమునకు వచ్చిన జయచామరాజ ఒడయరు శ్రీవిద్యాపరముగ 94 కృతులు రచించిన పండితుడు, పియానోయందును నేర్పరి. 1948లో లండను ఫిల్‌హార్మోనియా కచేరీ సంఘమునకు ఆయనయే మొదటి అధ్యక్షుడు. 1950లో రిచర్డ్ స్ట్రౌసు చివరి పాటలు నాలుగు లండనున మొదటిసారి పాడబడినపుడు ఆ ఖర్చునకు పూచీపడినవాడును ఈ మైసూరు ప్రభువే.

ఆ కొలువు బ్యాండులో సాక్సఫోను మ్రోగుచుండగా ఒక బాలుడు వినెను. అతడు 1949లో దక్షిణ కన్నడమున జన్మించిన కద్రి గోపాలనాథ్. తండ్రి తనియప్ప నాగస్వర విద్వాంసుడు. సాక్సఫోను బెల్జియమువాడైన అడాల్ఫ్ సాక్సు 1846లో పేటెంటు పొందిన లోహవాద్యము. దానికి స్వరమునకొక మీట. నాగస్వరమున వలె వ్రేలు జార్చి గమకము పలికించుటకు వీలులేదు. గోపాలనాథ్ మీటలను సవరించుకొని, ఊపిరిని పెదవిని అదుపుచేసి, ఇరువదేండ్ల సాధనచే దానిచేత రాగము పలికించెను. పెక్కుమంది సంప్రదాయజ్ఞులు పెదవి విరిచిరి. నా మతమున గమకమునకు లొంగిన వాద్యము మనదే. లొంగనిది వీణయైనను పరాయిదే. అయితే ఒక రాగాలాపన వెనుక నాలుగు శ్రుతులు కలిపి మ్రోగించుటకు మాత్రము నేను ఇప్పటికిని ఒప్పుకొనను.

1980లో బొంబాయి జాజు ఉత్సవమున అమెరికా జాజు విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన వాద్యము విని, తానును వేదికనెక్కి కలిసి వాయించెను. ఏ సంగీతము కొరకు సాక్సఫోను అమెరికాయందు వన్నెకెక్కెనో ఆ సంగీతజ్ఞుడే మన కల్పనస్వరములకు బదులు పలుకుట వింత కాదా! 1994లో గోపాలనాథ్ లండను ప్రామ్సు ఉత్సవమునను వాయించెను. 2019లో మంగళూరున గతించెను.

బ్యాండుమేళము వచ్చి నాగస్వరమువారి కూడు తీసెనని మా పెద్దలు చెప్పుకొనగా చిన్ననాట వింటిని. అది అబద్ధము కాదు. ఎన్ని కుటుంబములో వృత్తి మానినవి. కన్నడదేశమున మాత్రము నాగస్వరపు ఇండ్లవారే కొందరు సాక్సఫోను పట్టిరి. అచటి పెండ్లిండ్లలో నేడు మాంగల్యధారణ వేళ తరచుగ అదియే మ్రోగుచున్నది. ప్రక్కన వాయించునది ఆ పాత డోలే.