ముప్పాతిక ఓట్లు పడితే అందరూ ఒప్పుకున్నట్టేనా? డెబియన్ చెప్పే కథ

జీతం లేదు, బాస్ లేడు. అందరూ ఇష్టంతో వచ్చి పనిచేసేవాళ్ళే. అలాంటి చోట పెద్ద నిర్ణయానికి సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలా? లేక ముప్పాతిక మంది ఒప్పుకోవాలా? ఈ ప్రశ్నతో పాతికేళ్ళకు పైగా కుస్తీ పడుతున్న సంస్థ డెబియన్.

1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. ఉబుంటు, కాలీ లినక్స్ రెండూ దీని మీద కట్టినవే. 1998లో వాళ్ళు ఒక రాజ్యాంగం రాసుకున్నారు. దాన్ని మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదు. కాదన్న ప్రతి ఒక్కరికీ అవునన్నవాళ్ళు ముగ్గురుండాలి, అంటే 3:1. తర్వాత, యూజర్లకు మాటిచ్చిన 'సోషల్ కాంట్రాక్ట్' కి కూడా ఇదే తాళం వేశారు.

మరి తాళం పనిచేసిందా? 2004 చూడండి. సోషల్ కాంట్రాక్ట్‌లో మాటలు సరిచేద్దామని ఓటింగ్ పెట్టారు. 3:1 దాటి పాసైంది. తీరా చూస్తే, ఆ మాటల ప్రకారం డాక్యుమెంటేషన్, ఫర్మ్‌వేర్ కూడా పూర్తిగా ఫ్రీగా ఉండాలి. అంటే రాబోయే వెర్షన్ 'సార్జ్' ఇంకా ఆలస్యం! గొడవ మొదలైంది. అదే ఏడాది మళ్ళీ ఓటు వేసి, ఆ మార్పుల అమలుని సార్జ్ వచ్చేదాకా వాయిదా వేశారు. ఓట్లు వచ్చాయి, కానీ దేనికి ఒప్పుకుంటున్నామో చాలామందికి అర్థం కాలేదు.

ఇప్పుడు 2014. కంప్యూటర్ ఆన్ అవగానే సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఏది ఉండాలి? ఎనిమిది మంది కమిటీ 4-4గా చీలింది. ఛైర్మన్ నిర్ణాయక ఓటుతో 'సిస్టమ్‌డి' గెలిచింది. ఆ గొడవల్లో కమిటీలో కొందరు తప్పుకున్నారు. నచ్చనివాళ్ళు 'డెవువాన్' పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. వాలంటీర్ దగ్గర ఉన్న అసలు ఓటు అదే: వెళ్ళిపోవడం.

2022లో మాత్రం కథ మారింది. ఫర్మ్‌వేర్ లేక చాలా ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైఫై పనిచేసేది కాదు. ఫ్రీ కాని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా? పాత ఆదర్శానికే ఎసరు పెట్టే ప్రశ్న. కానీ ఈసారి అవును-కాదు అని కాకుండా అనేక ఆప్షన్లు పెట్టారు. ఒక్కోదానివల్ల ఏమవుతుందో ముందే వాదించుకున్నారు. ఆప్షన్లకు వరసగా ర్యాంకులు ఇచ్చారు. 3:1 దాటింది. 2023లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ ఉంది.

నాకు అర్థమైంది ఇదీ: పెద్ద మెజారిటీ ఏకాభిప్రాయాన్ని పుట్టించదు. ఇచ్చిన మాటని తొందరపడి మార్చకుండా కాపాడుతుంది, అంతే. కాబట్టి మూల నియమాలకు ఆ తాళం ఉండాల్సిందే. రోజువారీ పనులకు కూడా అదే పెడితే, పావు కంటే కాస్త ఎక్కువ మంది కాదంటే చాలు, పని ఆగిపోతుంది. ఏకాభిప్రాయం ఓటుకి ముందు, మాట్లాడుకునే దగ్గర పుడుతుంది.

మీ క్లబ్‌లో, మీ టీమ్‌లో ఓడిపోయినవాళ్ళు మర్నాడు కూడా పనికి వస్తున్నారా? అది చూసుకోండి. కామెంట్స్‌లో చెప్పండి, ఉంటాను!