అచ్చులో వంశావళి: విక్టోరియా వలసరాజ్యపు విమెరా ప్రాంతంలో బీజాశ్వ ప్రకటనలు

వ్యాససంగ్రహం:
ఆస్ట్రేలియాలోని విక్టోరియా వలసరాజ్యంలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల గ్రామీణ పత్రికలు ప్రతి వసంతంలోనూ జాతివృద్ధికి ఉంచిన మగ గుర్రాల ప్రకటనలను ప్రచురించేవి. విమెరా గోధుమ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, ఈ ప్రకటనలను వాణిజ్య సమాచారంగానే కాక వంశావళి, సంచార పట్టిక, ఒప్పందం అనే మూడు రచనారూపాల కలయికగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు సంప్రదాయంలోని అశ్వశాస్త్రంతోనూ, ఆంబోతు ఆచారంతోనూ పోల్చినప్పుడు ఈ ప్రకటనల ప్రత్యేకత మరింత స్పష్టమవుతుంది.

కీలకపదాలు: బీజాశ్వం, ప్రకటన, వంశావళి, విమెరా, వలసరాజ్యం, అశ్వశాస్త్రం.

1. నేపథ్యం

విక్టోరియా పశ్చిమోత్తర భాగంలోని విశాలమైన మైదానం విమెరా. దీనికి ముఖ్యపట్టణం హార్షమ్. మొదట గొర్రెల పెంపకందారుల అధీనంలో ఉన్న ఈ భూములను 1869 నాటి భూచట్టం చిన్న రైతులకు అందుబాటులోకి తెచ్చింది. ఒక్కొక్కరు 320 ఎకరాల వరకు ఎంచుకొనే వీలు కలగడంతో 1870ల నుండి గోధుమ సాగు వేగంగా విస్తరించింది.

ఈ సాగుకు ఆధారం గుర్రం. దున్నడం, విత్తడం, కోయడం, ధాన్యాన్ని రైలుస్టేషనుకు చేర్చడం అన్నీ గుర్రపు జట్లతోనే సాగాయి. 1843లో దక్షిణ ఆస్ట్రేలియాలో రిడ్లే పేరుతో వెలుగులోకి వచ్చిన 'స్ట్రిప్పర్' కోతయంత్రం గానీ, 1876లో అక్కడే రూపొందిన, మొద్దులు తగిలితే పైకి లేచే నాగలి గానీ మనుషుల పని తగ్గించాయే తప్ప గుర్రాల అవసరాన్ని తగ్గించలేదు. యంత్రం బరువు పెరిగేకొద్దీ బలిష్ఠమైన గుర్రాలు కావలసివచ్చాయి. అందుకే క్లైడ్స్‌డేల్ వంటి భారవాహక జాతుల మగ గుర్రాలకు గిరాకీ ఏర్పడింది.

మేలుజాతి మగ గుర్రాన్ని కొనే స్తోమత చిన్న రైతుకు లేదు. అతని వద్ద ఉన్నవి పనిచేసే గోడిగలు, అంటే ఆడ గుర్రాలు. దక్షిణార్ధగోళంలో అవి ఎదకు వచ్చే కాలం సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు. ఆ కాలం చివరిభాగంలోనే గోధుమ కోతలు మొదలవుతాయి. పనిలో ఉన్న గోడిగను దూరప్రాంతానికి తోలుకుపోవడం రైతుకు నష్టం. కాబట్టి బీజాశ్వమే రైతుల వద్దకు నడిచివచ్చే ఏర్పాటు బ్రిటన్‌లో వలెనే ఇక్కడా కుదురుకొన్నది. ఆ రాకను ముందుగా తెలిపే సాధనాలు పత్రికలోని ప్రకటన, హోటలు గోడ మీది పోస్టరు, చేతికిచ్చే కార్డు.

2. ప్రకటన నిర్మాణం

నేడు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నిర్వహించే 'ట్రోవ్' అంతర్జాల భాండాగారంలో 'హార్షమ్ టైమ్స్' వంటి పత్రికల పాత సంచికలు చదవవచ్చు. ఇటువంటి ప్రకటనలకు దాదాపు స్థిరమైన నిర్మాణం ఉంది. పైన పెద్ద అక్షరాలలో గుర్రం పేరు. తరువాత రంగు, వయస్సు, ఎత్తు. ఎత్తును 'హ్యాండ్'లలో చెప్పేవారు. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. ఆపైన తండ్రి, తల్లి, తల్లి తండ్రి అంటూ సాగే వంశావళి, ప్రదర్శనలలో పొందిన బహుమతులు. చివర షరతులు.

వంశావళి భాగం ఒక విధంగా ప్రశస్తి. మన శాసనాలలో రాజు పేరుకు ముందు పూర్వుల కీర్తిని వర్ణించినట్లు, ఇక్కడ గుర్రం పూర్వులు గెలిచిన బహుమతులను వరుసగా పేర్కొంటారు. శాసనకవికి లేని ఒక కట్టుబాటు మాత్రం ఈ ప్రకటనకర్తకు క్రమంగా ఏర్పడింది. అది ముద్రిత వంశగ్రంథం. పందెపు గుర్రాల వంశగ్రంథం ఇంగ్లండులో 1791లోనే మొదలైంది. క్లైడ్స్‌డేల్ సంఘం 1877లో ఏర్పడి, మరుసటి సంవత్సరం తన తొలి వంశగ్రంథాన్ని వెలువరించింది. అప్పటి నుండి ప్రకటనలో పేర్కొన్న తండ్రి పేరును ఆ గ్రంథంతో సరిచూడడం, కనీసం సిద్ధాంతరీత్యా, సాధ్యమైంది.

రెండవది సంచార పట్టిక. ఏ రోజు ఏ ఊరి హోటలు వద్ద, ఏ రోజు ఏ సంతలో గుర్రం ఉంటుందో అందులో ఉంటుంది. ఈ తిరుగుడు తరచుగా వారానికొక ఆవృత్తిగా సాగేది. దీని వెనుక జీవశాస్త్ర కారణం కూడా ఉంది. చూలు నిలవని గోడిగ సుమారు 21 రోజులకు మళ్ళీ ఎదకు వస్తుంది. వారం వారం వచ్చే గుర్రం మూడవ వారం కూడా తప్పక వస్తుంది. ఆ విధంగా పట్టిక గోడిగ దేహకాలాన్ని పట్టణపు వారకాలంతో ముడివేసింది.

మూడవది ఒప్పందం. రుసుమును తరచుగా గినీలలో చెప్పేవారు. గినీ నాణెం ముద్రణ 1814తోనే ఆగిపోయినా, 21 షిల్లింగుల లెక్కగా ఆ మాట గుర్రాల వ్యవహారంలో నిలిచింది. దానికి తోడు అశ్వపాలకుడికి ప్రత్యేకంగా కొన్ని షిల్లింగులు. గోడిగను మేపడానికి పచ్చికబయలు ఇస్తామని, ఎంత జాగ్రత్త తీసుకొన్నా ప్రమాదాలకు బాధ్యత తమది కాదని, సీజను ముగిశాక ఫలానా తేదీలోగా పైకం చెల్లించాలని షరతులు ఉండేవి. గుర్రాన్ని కీర్తించే వాక్యాలు ఎంత ఉదారమో, బాధ్యతను నిరాకరించే వాక్యాలు అంత పొదుపు.

3. నమ్మకం ఖరీదు

ఈ ప్రకటనను నమ్మిన రైతు పణంగా పెట్టింది రుసుమును మాత్రమే కాదు. గోడిగ చూలికాలం సుమారు 11 నెలలు. పుట్టిన పిల్ల నాగలికి కట్టే వయస్సుకు రావడానికి మరో మూడేళ్ళు. అంటే తన ఎంపిక మంచిదో కాదో తెలియడానికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా ఆ బీజాశ్వం వేరే ప్రాంతానికి తరలిపోవచ్చు, యజమాని మారవచ్చు. భూమికి వాయిదాలు కడుతున్న రైతుకు కాలి ఎముకల దోషంతోనో శ్వాసదోషంతోనో పుట్టిన గుర్రం భరించలేని దెబ్బ.

వంశావళి పూర్వుల పేర్లను చెప్పగలదు గానీ, ఎదుట ఉన్న గుర్రానికి వారసత్వ దోషం లేదని చెప్పలేదు. ఈ లోపాన్ని పూరించడానికే విక్టోరియా వ్యవసాయశాఖ 1907లో మగ గుర్రాలను పశువైద్యులచేత పరీక్షింపజేసి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని ప్రారంభించింది. ఆ తరువాతి ప్రకటనలలో బహుమతుల పక్కన ప్రభుత్వ ధ్రువపత్రం ప్రస్తావన చోటుచేసుకొన్నది. బ్రిటన్‌లో 1918 నాటి చట్టం ఊరూరా తిరిగే మగ గుర్రాలకు అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేసింది. యజమాని మాట, వంశగ్రంథం, ప్రభుత్వ ముద్ర అనే క్రమంలో నమ్మకానికి ఆధారం మారుతూ వచ్చింది.

4. తెలుగు సంప్రదాయంతో పోలిక

తెలుగులో గుర్రాన్ని గూర్చిన శాస్త్రరచనకు మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' ప్రసిద్ధ ఉదాహరణ. అశ్వశాస్త్ర సంప్రదాయంలో గుర్రం మంచిచెడ్డలు దాని దేహం మీదనే వ్రాసి ఉంటాయి. రంగు, సుడులు, అవయవాల పొందిక చూసి పరీక్షకుడు నిర్ణయిస్తాడు. విమెరా ప్రకటనలో దేహవర్ణన ఉన్నా, ప్రామాణ్యం దేహం నుండి కాగితానికి మారింది. మొదటిది గుర్రాన్ని కొనే రాజుకు ఉద్దేశించిన శాస్త్రం. రెండవది గుర్రాన్ని కొనలేని రైతుకు ఉద్దేశించిన ప్రకటన.

మరొక పోలిక ఆంబోతుది. వృషోత్సర్గంలో మరణించినవారి పేర ముద్ర వేసి వదిలిన కోడె ఊరి ఆవులన్నింటికీ ఉమ్మడి. దానికి రుసుము లేదు, పట్టిక లేదు, ప్రకటన అవసరం అంతకంటే లేదు. 'అచ్చు' అనే మాట తెలుగులో వాతముద్రకూ, ముద్రణకూ కూడా వర్తిస్తుంది. అచ్చోసిన ఆంబోతు ఎవరి సొత్తూ కాదు. అచ్చులోకెక్కిన బీజాశ్వం మాత్రం ప్రతి కలయికకూ వెల కట్టిన సొత్తు. ఒకే అవసరానికి రెండు సమాజాలు కల్పించుకొన్న ఏర్పాట్ల మధ్య భేదం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

ఈ పోలిక కేవలం ఊహాజనితం కాదు. న్యూ సౌత్ వేల్స్ పేరు మీదుగా 'వేలర్'లని పిలిచిన ఆస్ట్రేలియా గుర్రాలు ఓడలలో మద్రాసుకు, కలకత్తాకు చేరి సైన్యంలో పనిచేశాయి. తేలిక జాతుల గుర్రాలను పెంచేవారికి భారతదేశపు విపణి ఒక ఆశ. తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానికి ఈ విధంగా ఆ పచ్చికబయళ్ళతో సంబంధం ఉంది.

5. ప్రకటనలో లేనివి

ఈ ప్రకటనలలో లోపించినవి కూడా చరిత్రకారునికి ముఖ్యం. వారాల తరబడి గుర్రాన్ని నడిపించి, కాపాడి, బేరం కుదిర్చిన అశ్వపాలకుడు అతనికి ఇవ్వవలసిన షిల్లింగులుగానే తరచుగా కనిపిస్తాడు. గోడిగకు పేరు లేదు. ఆమె రుసుము లెక్కకు ఒక యూనిట్. అన్నిటికంటే పెద్ద మౌనం భూమిని గూర్చినది. గుర్రం నడిచిన దారులన్నీ వోట్జోబలుక్ తదితర ఆదిమ ప్రజల నేల మీదివి. అక్కడ వారికున్న హక్కులను ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు గుర్తించినది 2005లో. తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో గుర్రానికి వంశావళి కట్టిన పత్రికాపుటలలో, ఆ నేల పూర్వుల వంశావళికి మాత్రం చోటు దొరకలేదు.

6. ముగింపు

ట్రాక్టరు వచ్చిన తరువాత భారవాహక గుర్రాల అవసరం తగ్గి, 20వ శతాబ్ది మధ్యనాటికి ఈ ప్రకటనలు క్రమంగా కనుమరుగయ్యాయి. భాండాగారంలో మిగిలినవి వాగ్దానాలు. అవి ఎంతవరకు నెరవేరాయో చెప్పగల రైతు నాలుగేళ్ళ తరువాత పత్రికకు ప్రకటన ఇవ్వలేదు. కాబట్టి ప్రకటనను ఆధారంగా స్వీకరించే పరిశోధకుడు దానిని జరిగినదానికి సాక్ష్యంగా కాక, జరగాలని ఆశించినదానికి సాక్ష్యంగా చదవాలి. ఆ మెలకువతో చదివినప్పుడు, సాహిత్యచరిత్ర సాధారణంగా పట్టించుకోని ఈ చిన్న గద్యరూపం ఒక వ్యవసాయ సమాజం ఎవరిని నమ్మింది, ఏ ఆధారంతో నమ్మింది, ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు అనే ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వగలదు. తెలుగు పత్రికలలోని పశువుల సంతల, ఒంగోలు కోడెల ప్రకటనలను కూడా ఇదే దృష్టితో పరిశీలించవలసి ఉంది.